పడుగు మీద ఏమీ రాల్చని చెట్టు

గుంటలో కాంచన కాలికి చల్లగా, సన్నగా ఏదో చుట్టుకున్న చోట పోయిన వారం కథ ఆపాం. మీలో చాలామంది పాము అనే అనుకుని ఉంటారు. కాంచన కూడా అదే అనుకుంది. ఊపిరి బిగబట్టి, కాలు కదపకుండా, సెల్‌ఫోను లైటు వేసి కిందికి వంగి చూసింది.

పాము కాదు. వేరు.

పాము అయినా బాగుండేదని ఆ తరువాత ఆమెకే అనిపించింది. పాము వచ్చిందంటే వీధిలో పదిమంది కర్రలు పట్టుకుని పరుగెత్తుకొస్తారు. వేరు వచ్చిందంటే ఎవరొస్తారు?

కొత్తగా చదువుతున్నవారికి నాలుగు మాటలు చెప్పి ముందుకు పోదాం. తిరుత్తణిలో కొండకు తూర్పు పక్కన ఉన్న నేతవీధిలో, గుంట మగ్గం మీద ఇంకా నేస్తున్న ఆడమనిషి కాంచన ఒక్కతే. గుంట మగ్గమంటే తెలియనిదేముంది, నేలలో గొయ్యి తవ్వి, అంచున కూర్చుని, కాళ్ళు గోతిలోకి దించి పలకలు తొక్కుతూ నేసే మగ్గం. కాంచన మొగుడు మురళి. మురళి అన్న సుదర్శనం ఆ వీధికి పెద్ద. ఇళ్ళ వెనక అందరి దొడ్లనూ కలుపుతూ పొడుగాటి ఉమ్మడి జాగా ఒకటుంది. నిలువు పోగులను, అంటే పడుగును, ఆ చివరినుంచి ఈ చివరికి సాచి, గంజి పెట్టి, కుంచెలతో దువ్వి ఆరబెట్టేది అక్కడే. సుదర్శనం చెయ్యి పడందే ఏ పడుగూ అక్కడ ఆరదు. ఆ జాగా పొడుగునా ఇప్పుడు వరసగా నిలబడి ఉన్నవి కోనోకార్పస్ చెట్లు. ఆ పేరు నోరు తిరగక వీధివాళ్ళు దుబాయి చెట్లంటారు. వాటికి ముందు అక్కడ ఒక కానుగ ఉండేది, కాంచన అత్తగారు పెంచింది. అది నేలకూలడానికి కారణం కాంచనేనని వీధంతా నమ్మింది. కాంచన కూడా సగం నమ్మింది.

ఇక గుంట దగ్గరికి రండి.

వేరు వేలు మందాన ఉంది. గుంట గోడను చీల్చుకుని వచ్చి, పలకల కింద జుట్టు విరబోసుకున్నట్టు సన్నసన్నగా చీలిపోయింది. కాంచన గుంటలోకి దిగి చేత్తో నేల తడిమింది. పొడిమట్టి. గుంటలో ఎప్పుడూ కాస్త తేమ ఉండాలి. తేమ ఉంటేనే నూలు మాట వింటుంది. కొన్ని నెలలుగా పోగులు తెగిపోతున్నాయి. తెగినప్పుడల్లా ముడి వేయడం, ముడి వేసినప్పుడల్లా మురళి నోటినుంచి ఒక మాట పడటం. నీ చెయ్యి పాడైంది, నీ కన్ను ఆనడం లేదు, నీకు వయసైపోయింది. నేయడం మానెయ్యమని చెప్పడానికి ఆ మనిషికి ఇన్ని దారులున్నాయని కాంచనకు అంతవరకు తెలియదు. నిజమే కాబోలని ఆమె గుంటలో రోజూ చెంబుతో నీళ్ళు చల్లింది. చల్లిన నీళ్ళన్నీ ఎవరు తాగారో ఇప్పుడు కళ్ళెదుట కనిపిస్తోంది.

కాంచనకు కోపం వచ్చింది. మామూలుగా వచ్చి పోయే కోపం కాదు. తను చెయ్యని తప్పుకు తననే తాను తిట్టుకున్న మనిషికి వచ్చే కోపం. అది కడుపులోంచి వస్తుంది, తొందరగా పోదు. వంటింట్లోంచి కొడవలి తెచ్చి ఆ వేరును గోడ దగ్గర తెగ్గోసింది. పలకల కిందినుంచి దాన్ని లాగుతుంటే ఎంతకీ తెగదు, ఎంతకీ అయిపోదు. లాగి, చుట్టచుట్టి, చేత పట్టుకుని దొడ్డిలోకి నడిచింది.

ఆమె దొడ్డిలోకి వచ్చేలోగా ఈ దుబాయి చెట్ల పుట్టుపూర్వోత్తరాలు చెప్పాలి. చెప్పకపోతే నాకే ఊపిరాడదు.

నేతవీధిలో చెట్టును కొలిచే తీరు వేరు. ఊళ్ళో జనం కాయ చూస్తారు, నీడ చూస్తారు, వాస్తు చూస్తారు. ఇక్కడ చూసేది ఒకటే. తడి పడుగు మీద ఏం రాలుస్తుంది? నేరేడు పండు రాల్చి నూలును నల్లబరుస్తుంది, వద్దు. మునగ గొంగళ్ళను రాలుస్తుంది, వద్దు. చింతాకు గంజికి అంటుకుంటే ఎంత దువ్వినా పోదు. వేప పూత రాల్చడమే కాక జిగురు కూడా కారుస్తుంది. కొబ్బరి సంగతి చెప్పనక్కర్లేదు, అది పడుగును వదిలేసి దువ్వేవాడి నెత్తినే చూసుకుంటుంది. ఇలా ఒక్కొక్కదానికీ వంక పెట్టుకుంటూ పోతే చివరికి మిగిలేది ఏమీ రాల్చని చెట్టు. అటువంటిది మన నేల మీద పుట్టదు. ఎక్కడినుంచో తేవాలి. తెచ్చారు. ఆకు రాల్చదు, పురుగు పట్టదు, పిట్ట వాలదు. పిట్ట ఎందుకు వాలదని ఒక్కడూ అడగలేదు. రెట్ట పడదు కదా అని సంబరపడ్డారు. రెండేళ్ళు తిరిగేసరికి ఇంటి ఎత్తు పెరిగి, వేసవిలో కూడా పచ్చగా నిలబడితే, సుదర్శనం తన సొంత బిడ్డల గురించి కూడా అంత గొప్పగా చెప్పుకోలేదు. పచ్చగా ఉండటానికి నీళ్ళెక్కడివని కూడా ఎవరూ అడగలేదు.

కానుగ ఉన్న రోజుల్లో పద్ధతి వేరుగా ఉండేది. చిత్తిర నెలలో, అంటే వేసవి మొదట్లో, కానుగ పూస్తుంది. పూత రాలే ఆ నెలంతా పడుగు మీద పాత చీరలను పందిరిగా కట్టేవారు. చీరలు జతచేసి కుట్టి ఇచ్చేది ఆడవాళ్ళు, తెల్లవారకముందే లేచి కట్టేది మగవాళ్ళు. ఏడెనిమిదేళ్ళ కింద ఒక చిత్తిరలో, తండ్రికి జబ్బు చేసిందని కాంచన పొన్నేరి పక్కన పుట్టింటికి పోయింది. ఆమె లేనప్పుడు ఒక పెళ్ళివారి తెల్ల పడుగు మీద కానుగ పూత రాలి, గంజితో కలిసి, పడుగంతా గోధుమరంగు మచ్చలు పడ్డాయి. పందిరి చీర చిరిగి ఉందనీ, చిరుగులోంచి పూత రాలిందనీ మురళి చెప్పాడు. కుట్టింది ఎవరు? కాంచన. తండ్రిని సాగనంపి తిరిగి వచ్చేసరికి కానుగ దుంగలై పడి ఉంది. ఆ చీర ఏదని అడిగితే కోపంలో కాల్చేశానన్నాడు. ఆనాటినుంచి వీధిలో ఆమె పేరు చిరుగు చీరల కాంచన. అత్తగారైతే కన్నుమూసేదాకా ఆమె చేతికి సూది ఇవ్వలేదు. దారం ఎక్కించమని కూడా అడగలేదు.

ఇదీ సంగతి. ఇప్పుడు కాంచన దొడ్డిలోకి వచ్చింది.

ఎండ ఇంకా చెట్ల మీదికి రాలేదు. పడుగు సాచి ఉంది. గంజి పెట్టడం అప్పుడే అయింది, దువ్వుతున్నారు. ఒక పక్క సుదర్శనం, ఎదుటి పక్క వరదన్, ఇద్దరి చేతుల్లోనూ కుంచెలు. వరదన్ తమిళుడు, చిన్నప్పటినుంచీ ఈ వీధిలోనే పెరిగినవాడు, పడుగుకు సుదర్శనం కుడిచెయ్యి అయితే ఇతను ఎడమచెయ్యి. దూరంగా చివర తాడు బిగించి పట్టుకుని మురళి ఉన్నాడు. గంజి పెట్టిన పడుగును ఆరేదాకా వదలడానికి లేదు. వదిలితే పోగులు ఒకదానికొకటి అంటుకుని మొత్తం పనికిరాకుండా పోతుంది. ఇల్లు కాలుతోందన్నా కుంచె ఆగదు. అంటే అక్కడున్న మగవాళ్ళెవరూ ఆమెను వదిలి పోలేరు, పని ఉందని తప్పుకోలేరు. కాంచన అది ఆలోచించి వచ్చిందని నేననను. కానీ అంతకంటే మంచి సమయం ఇంకొకటి దొరకదు.

ఆమె వేరు చుట్టను సుదర్శనం కాళ్ళ దగ్గర పడేసింది.

"ఇది యాడ దొరికిందో తెలుసునా బావా? మా గుంటలో. నేను కాలు పెట్టే చోట."

సుదర్శనం కిందికి చూశాడు. కుంచె ఆపలేదు. పడుగు ఆరనీ, తరువాత మాట్లాడుకుందామన్నాడు. తరువాత అనే మాట ఏడెనిమిదేళ్ళుగా వింటున్నాను, ఇప్పుడే మాట్లాడాలని కాంచన అంది. పోగులు తెగడం, గోడ చీలడం, గుంట ఎండిపోవడం వరసగా చెప్పింది. గొంతు పెంచలేదు. కుంచె ఆ చివరికి పోతే తనూ పక్కనే నడిచింది, వెనక్కి వస్తే వెనక్కి వచ్చింది. సుదర్శనం ఇటు దువ్వుతూ, అటు వింటూ, చెమట తుడుచుకోవడానికి కూడా వీల్లేక అలాగే నడిచాడు. దొడ్లలో ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు.

సుదర్శనం చెడ్డవాడు కాడు. మొండివాడు. మొండితనానికి పెద్దరికం తోడైతే ఎలా ఉంటుందో మీ ఇళ్ళల్లో మీకు తెలియనిది కాదు. ఆ చెట్లు ఎలాగూ పోతున్నాయి కదా అన్నాడు. ఇక నాటకూడదని ప్రభుత్వం చెప్పిందని పేపర్లో వచ్చింది, కాలువలు చీల్చేస్తున్నాయని ఊరంతా పీకేస్తున్నారు, మనమూ వచ్చే వారం కొట్టేస్తాం, వాటి చోట పెట్టడానికి కొత్త మొక్కలు కూడా వచ్చేశాయని గోడవైపు తల ఊపాడు. మురళి నిన్న తిరువళ్ళూరు పోయి ఏదో నర్సరీలో తెచ్చాడట. మళ్ళీ ఎవరూ ఏమీ అనకుండా, బాగా విచారించి తెచ్చాడట.

గోడ నీడలో నల్ల ప్లాస్టిక్ సంచుల్లో మొక్కలు బారుగా పెట్టి ఉన్నాయి. కాంచన వంగి చూసింది. ఆకు మీద బూడిద రుద్దినట్టు తెల్లగా, మెత్తగా ఉంది. చూడ్డానికి ముద్దుగానే ఉన్నాయి. కానీ ఒక మొక్క కొసన చిన్నచిన్న గుండీల్లాంటి కాయల గుత్తి వేలాడుతోంది. కాంచన తల ఎత్తి పైనున్న చెట్టును చూసింది. అవే గుండీలు. ఒక కొమ్మ వంచి కోసింది. మొక్క గుత్తిని ఒక చేతిలో, చెట్టు గుత్తిని ఇంకో చేతిలో పెట్టుకుని పడుగు దగ్గరికి వచ్చి, సుదర్శనం ముక్కు ముందు పట్టింది.

"రంగు మార్చి అదే తెచ్చినారు గదా బావా. రెండూ చూడండి. ఏమన్నా తేడా ఉండాదా?"

సుదర్శనం చూశాడు. చేతులు పడుగు మీద, కళ్ళు గుండీల మీద. ఇది వేరే జాతి, దీని ఆకు వెండిరంగు, ఇది వేళ్ళు పెట్టదు అని నర్సరీవాడు చెప్పాడని మురళి దూరంనుంచే అరిచాడు. వేళ్ళు పెట్టని చెట్టు ఏ లోకంలో ఉందో నాకైతే తెలియదు. దొడ్లలో ఒకరిద్దరు నవ్వారు. సుదర్శనం నవ్వలేదు. మొహం మాత్రం మాడింది. మోసపోయినట్టు తెలిసినా ఒప్పుకోవడానికి పెద్దరికం అడ్డుపడింది.

మరేం పెట్టమంటావు, చెప్పు, అన్నాడు. ఏదో ఒకటి రాల్చని చెట్టు చూపించు.

అదే తప్పు బావా, అని కాంచన అంది. రాల్చని చెట్టు కోసం వెతికే ఈ గతికి వచ్చాం. ఈ నేలలో పుట్టింది ఏదైనా ఏడాదికి ఒక నెల రాలుస్తుంది. ఆ ఒక్క నెల మనం కష్టపడితే మిగతా నెలలన్నీ అది మనకు నీడనిస్తుంది. రాల్చని నెలంటూ లేకుండా ఇది ఏడాది పొడుగునా మన కిందినుంచి తోడుకుంటోంది. కానుగ పెడదాం. రెండు కానుగలకు మధ్య ఒక పొగడ పెడదాం. కానుగ వేరు కిందికి పోతుంది గాని ఇంట్లోకి రాదు. అత్త పెంచిన చెట్టు గుంటకు అంత దగ్గర్లో ఉండి కూడా ఎన్నడన్నా గోడ ముట్టుకుందా?

కానుగ పేరు వినగానే సుదర్శనానికి పాత కోపం లేచింది. కానుగ పెరిగి నీడ ఇచ్చేసరికి మనం ఉంటామో పోతామో అన్నాడు.

"మీరు ఈ దుబాయి చెట్లు పెట్టిన పొద్దే కానుగ పెట్టుంటే, ఈ పొద్దుకు దాని కిందే దువ్వుతా ఉందురు," అంది కాంచన.

సుదర్శనం పాతది తవ్వాడు. కానుగ పెడితే పందిరి కావాలి, పందిరికి చీరలు కావాలి, చీరలు కుట్టేది నువ్వే కదా, మళ్ళీ చిరుగు చీరలు ఇస్తావా అన్నాడు. ఆ మాట వీధంతా వినేలా అన్నాడు.

కాంచన ఇన్నేళ్ళుగా ఆ మాట వినబడితే తలవంచుకుని లోపలికి పోయేది. ఇవాళ పోలేదు. పొన్నేరికి పోయే ముందు నాలుగు చీరలను రెండు వరసల కుట్టుతో జతచేశాననీ, వెలుతురుకు పట్టి చూసి మరీ అటక మీద మడిచి పెట్టాననీ చెప్పింది. అందులో చిరిగింది ఏ చీర, ఏ రంగు చీర, పందిరి కింద నిలబడినవాళ్ళెవరైనా చెప్పండి అని అడిగింది. నిజానికి ఇది ఏడెనిమిదేళ్ళ కిందే అడగాల్సిన ప్రశ్న. అప్పుడు ఆమెకు తండ్రి పోయిన దుఃఖం, చెట్టు పోయిన దుఃఖం, మీదనుంచి అందరి చూపులు. ఎవరిని అడుగుతుంది?

సుదర్శనం కుంచె కాస్త నెమ్మదించింది. ఆ ఒక్క పొద్దు తాను ఊళ్ళో లేననీ, సాయంత్రం వచ్చేసరికి మచ్చలు పడిన పడుగు చూశాననీ, మిగతాది మురళి చెప్పగా విన్నాననీ అన్నాడు. ఆ పొద్దు దువ్వింది వరదన్ కదా, అతన్ని అడుగు అన్నాడు.

వరదన్ ఎప్పుడూ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. పడుగుకు అవతలి పక్కనుంచి, తల ఎత్తకుండా, దువ్వుతూనే చెప్పాడు.

"చీరలు యాడ కట్టినారు అన్నా ఆ పొద్దు? పందిరే ఎయ్యలేదు. సత్తియంగా చెప్తాండా. మురళి నిద్రలేచి వచ్చిందే లేటు. ఎండొచ్చేస్తాది, ఒక్క పొద్దుకు ఏం కాదులే, సాచేయండి అన్నాడు. నేను పిల్లోన్ని, ఎదురు చెప్పలా. చిరుగు చీరలంటే ఆ పొద్దు పందిరి మాటని నాకు తెలీదే, ఊరికే ఎగతాళి చేస్తాండారనుకున్నా. చెట్టు మీద కోపమని కొట్టేసినారనే అనుకున్నా."

దొడ్లలో నవ్వు ఆగిపోయింది. అందరూ పడుగు ఆ చివరికి చూశారు. తాడు పట్టుకున్న మురళి ఎక్కడికీ పోలేడు. వదిలితే పడుగు నేల మీద పడుతుంది. అందుకని ఆ చూపులన్నింటినీ నిలబడి భరించాల్సి వచ్చింది. కాంచన అతని దగ్గరికి నడిచింది.

అమ్మ అడిగింది, ఏదో ఒకటి చెప్పాలి కదా అని మురళి అన్నాడు. నోటికి వచ్చింది చెప్పాడట. చెప్పాక ఇక మార్చలేకపోయాడట. మర్నాడు అన్న గొడ్డలి తెమ్మంటే తెచ్చాడట. కాంచన వచ్చాక ఆ చీర చూపించమంటుందని భయపడి నాలుగు మంచి చీరలనూ తీసి కాల్చేశాడట. ఇదంతా ఎండ తీవ్రత గురించి చెప్పినట్టు చెప్పాడు.

కాంచనకు కొట్టాలనిపించింది. దాచడం ఎందుకు, నాకూ అనిపించింది. పందిరి కట్టడానికి బద్ధకించిన ఒక్క తెల్లవారుజాము కోసం ఒక చెట్టు పోయింది, ఒక పెద్దావిడ కోడలి మీద కోపంతోనే కళ్ళు మూసింది, కుట్టు బాగా తెలిసిన ఒక మనిషి తన చేతిని తనే నమ్మకుండా బతికింది, ఇప్పుడు ఆమె మగ్గం కాళ్ళ కింద నేల ఎండిపోయింది. దీనంతటికీ అతని దగ్గరున్న మాట ఏదో ఒకటి చెప్పాలి కదా.

"మీ అమ్మ చచ్చిపోతా నా చెయ్యి పట్టుకోలేదు," అంది కాంచన. "మంచం పక్కనే కూచోని ఉండావు నువ్వు. అప్పుడన్నా చెప్పుండొచ్చు."

మురళికి సిగ్గు వేసింది. ఆ సిగ్గు తలవంచుకునే రకం కాదు, తిరగబడే రకం. వీధంతా చూస్తోంది, పెళ్ళాం నిలబెట్టి అడుగుతోంది, అన్న అటునుంచి చూస్తున్నాడు. అతను గొంతు పెంచి, ఇదంతా ఎందుకిప్పుడు, అన్నీ ముగిసిపోయే పొద్దు కదా ఇది అన్నాడు. గుంట పూడ్చేస్తున్నాం, ఆ గదిలో పవర్‌లూమ్ రెండు పెడుతున్నాం, అన్నా నేనూ మాట్లాడుకున్నాం, మట్టి ఇవాళే వస్తుంది అన్నాడు. గుంటే లేకపోతే ఏ చెట్టు పెడితే ఏం, ఏ వేరు ఎక్కడికి వస్తే ఏం? నీ కానుగ ఎవరికి కావాలి?

కాంచన అతన్ని వదిలి సుదర్శనం వైపు తిరిగింది. తన గుంట పూడ్చడానికి తనకు తెలియకుండా రోజు పెట్టుకున్నారా అని అడిగింది. సుదర్శనం కుంచె మొదటిసారి ఆగింది. పడుగు అప్పటికి ఆరింది కాబట్టి సరిపోయింది, ఆరకపోయినా ఆగేదేమో.

"నువ్వు సరేనన్నావని చెప్పినాడే కాంచనా," అన్నాడు. "నీకు కాళ్ళు నొస్తా ఉండాయి, నువ్వే పూడ్చమన్నావు అని చెప్పినాడే నాకు."

ఆరిన పడుగును చుట్టాలి, ఎవరూ మొదలుపెట్టలేదు. మురళి తాడును గుంజకు కట్టేసి, ఎవరివైపూ చూడకుండా ఇంటి ముందువైపు నడిచాడు.

కాంచన ఆ పడుగును దాటి అడ్డంగా పోయి ఉంటే క్షణంలో గదిలో ఉండేది. సాచిన పడుగును దాటడం, కిందినుంచి దూరడం ఈ వీధిలో పెద్ద అవమానం. అంత కోపంలో కూడా ఆమె ఆ పని చేయలేదు. నూలు చేసిన తప్పేముంది? పడుగు చివరిదాకా నడిచి, గుంజను చుట్టి తిరిగి, లోపలికి పోయింది. దారిలో ఉన్న ఆ తెల్లాకు మొక్కల వైపు చూడను కూడా చూడలేదు.

గది తలుపు తీసే ఉంది. మగ్గం మీద సగం నేసిన చీర ఉంది, ఆకుపచ్చకు ఎర్రంచు. కాంచన గుంట అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి దించి, పలకలు సరిచేసుకుంది. మొదటి పోగు తెగింది. ముడి వేసి మళ్ళీ మొదలుపెట్టింది. ఈ గుంట ఆమెకు అత్తగారు ఇచ్చింది. మాటలు మానేసిన తరువాత కూడా గుంట మాత్రం తీసుకోలేదు. ఈ వీధిలో కాంచనది అని చెప్పుకోవడానికి ఉన్నది ఈ గొయ్యి ఒక్కటే. దీన్ని పూడిస్తే దొడ్డిలో ఏ చెట్టు ఉండాలో అడిగే హక్కు కూడా దీంతోపాటే పూడిపోతుంది. అది ఆమెకు బాగా తెలుసు.

వీధిలో ట్రాక్టరు ఆగింది. మట్టి దించిన చప్పుడు, పార చప్పుడు వినబడ్డాయి. కాసేపటికి గడపలో వెలుతురు తగ్గింది. మురళి మట్టి తట్ట భుజాన పెట్టుకుని లోపలికి వచ్చాడు.

"లే," అన్నాడు.

కాంచన అడ్డపోగు చుట్టిన నాడెను అటునుంచి ఇటు విసిరింది, పలక తొక్కింది.

"నేను సరేనన్నానని చెప్పినావు గదా. సరేనన్నదాన్ని లెయ్యమంటావేంది? పోసెయ్."

అతను అక్కడే నిలబడ్డాడు. తట్ట బరువుకు మెడ పక్క నరం ఉబ్బింది. వెనకనుంచి సుదర్శనం గొంతు, వద్దురా మురళీ, దించు, అంది. ఆ మాటకు మురళి ఆగుతాడనే అందరూ అనుకున్నారు, కాంచన కూడా అనుకుంది. అతను తట్ట వంచాడు. ఎర్రమట్టి చీర మీద పడి, ఆమె మోకాళ్ళ మీదుగా గుంటలోకి జారింది.

కాంచన లేవలేదు. మురళి రెండో తట్ట కోసం వెనక్కి తిరిగాడు. గడపలో, రెండు చేతులూ తలుపుచెక్కలకు ఆనించి, సుదర్శనం అడ్డంగా నిలబడి ఉన్నాడు.